సెకండ్ హ్యాండ్ గోల్ఫ్ ఐరన్లు కొనాలా వద్దా? తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్ చుట్టుపక్కల ఉంటే గోల్ఫ్ గాలి సోకకుండా ఉండటం కష్టం. గోల్ఫ్ కోచ్‌లు, ప్రొఫెషనల్స్ సంఘం పీజీఏ ఆఫ్ అమెరికా 2022లో తన హెడ్ ఆఫీసును ఫ్లోరిడా నుంచి ఫ్రిస్కోకి మార్చింది. టాప్‌గోల్ఫ్ కంపెనీ ఉన్నదీ డాలస్‌లోనే. టీమ్ ఔటింగ్ అని టాప్‌గోల్ఫ్‌కి వెళ్లి, అక్కడ బాగా తగిలిన ఒక్క షాట్‌తో ఈ ఆటలోకి వచ్చేసిన తెలుగువాళ్లు ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో చాలామందే ఉన్నారు. ఆ తర్వాత ఎదురయ్యే మొదటి పెద్ద ఖర్చు ఐరన్ల సెట్టే, అంటే నంబర్లు వేసి ఉండే స్టీలు హెడ్ క్లబ్బులు (గోల్ఫ్ కర్రలు). కొత్తది కొనాలంటే వెయ్యి డాలర్ల మాట. పాతది కొనాలంటే ఏం చూడాలో తెలియదు. ఆ టెన్షన్ తగ్గించడానికే ఈ పేజీ. ఇందులో డ్రైవర్లు (అన్నిటికంటే దూరం కొట్టేవి), పట్టర్ల (బంతిని గుంటలోకి దొర్లించేవి) జోలికి పోలేదు. ఐరన్ల గురించి మాత్రమే.

అసలు పాత ఐరన్లు కొనడం మంచిదేనా?

మంచిదే. గోల్ఫ్ బ్యాగులో ఉండే వస్తువులన్నిటిలో సెకండ్ హ్యాండ్‌లో కొనడానికి అన్నిటికంటే అనువైనవి ఐరన్లే. డ్రైవర్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) పల్చగా ఉంటుంది, లోపల పగుళ్లు వచ్చే అవకాశం ఉంది. వెడ్జ్ (దగ్గరి షాట్లకి వాడే, ఫేస్ ఎక్కువ వాలి ఉండే క్లబ్బు) ఇసుకలో, గట్టి నేలలో పని చేసి తొందరగా అరుగుతుంది. ఐరన్ మాత్రం స్టీలు ముద్ద. జాగ్రత్తగా వాడితే ఇరవై ఏళ్లయినా దాని పని అది చేస్తుంది.

అయితే ఒక్క షరతు. కొనేవాళ్లలో చాలామంది హెడ్ మీద ఉన్న బ్రాండ్ పేరు చూసి, ధర చూసి కొనేస్తారు. బంతి ఎలా వెళ్తుందో తేల్చేది ఎక్కువగా ఆ హెడ్‌కి తగిలించిన షాఫ్ట్ (కర్ర భాగం), దాని పొడవు, హెడ్ నేల మీద ఆనే కోణం (లై). ఇవి మీ ఒంటికి కుదరకపోతే సగం ధరకి వచ్చిన సెట్ కూడా దండగే. కుదిరితే మాత్రం పదేళ్ల పాత సెట్‌తో హాయిగా ఆడుకోవచ్చు.

నేనింకా నేర్చుకోవడం మొదలుపెట్టలేదు. ముందే ఒక సెట్ తెచ్చుకోనా?

వద్దు. మొదటి నాలుగైదు క్లాసులకి ఒక 7 ఐరన్ చాలు. నేర్పే కోచ్ దగ్గరో, రేంజ్‌లోనో (ప్రాక్టీసు చేసే చోటు) ఇస్తారు. మొదట్లో మీ స్వింగ్ వారం వారం మారిపోతుంటుంది. ఆ సమయంలో ఏ షాఫ్ట్ సరిపోతుందో మీకే కాదు, కోచ్‌కీ తెలియదు. బంతి పదిసార్లలో ఆరేడు సార్లు గాల్లోకి లేస్తున్నప్పుడు కొనడం గురించి ఆలోచించండి.

కాస్ట్‌కోలోనో అమెజాన్‌లోనో కొత్త ఫుల్ సెట్ తక్కువకే వస్తోంది కదా?

వస్తుంది. కాలవే కంపెనీ స్ట్రాటా, విల్సన్ లాంటి బాక్స్ సెట్లలో డ్రైవర్ నుంచి పట్టర్ దాకా, బ్యాగుతో సహా అన్నీ ఉంటాయి. ఏడాదికి మూడు నాలుగుసార్లు స్నేహితులతో సరదాగా ఆడేవాళ్లకి అది సరైన కొనుగోలే. అందులో తప్పేమీ లేదు.

వారానికోసారి రేంజ్‌కి వెళ్లి నిజంగా బాగుపడాలనుకునేవాళ్లకి మాత్రం అదే డబ్బుతో మంచి కంపెనీ పాత ఐరన్లు కొనుక్కోమంటాను. రెండు కారణాలు. పాత మంచి సెట్‌ని లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలే కోణం), లై సరిచేయించుకుని మీకు తగ్గట్టు మార్చుకోవచ్చు. రెండేళ్ల తర్వాత అమ్మినా పెట్టిన డబ్బులో మంచి భాగం తిరిగొస్తుంది. బాక్స్ సెట్‌ని గరాజ్‌లోంచి తీసి అమ్మాలంటే అడిగేవాళ్లే తక్కువ.

ఎన్నేళ్ల పాతది వరకు కొనొచ్చు?

నాలుగేళ్ల నుంచి పదేళ్ల మధ్య ఉన్నవి బాగా గిట్టుబాటవుతాయి. కంపెనీలు ఏడాదికో రెండేళ్లకో కొత్త మోడల్ దించగానే పాత మోడల్ ధర పడిపోతుంది. ఆట తేడా మాత్రం అంత ఉండదు. పదేళ్లు దాటిన సెట్లు కూడా పనికొస్తాయి, కానీ వాటిలో షాఫ్ట్ తుప్పు, గ్రిప్పులు ఎండిపోవడం లాంటి సమస్యలు ఎక్కువ.

గరాజ్ సేల్స్‌లో ముప్పై నలభై ఏళ్ల నాటి సెట్లు కనిపిస్తుంటాయి. వాటిలో ఎక్కువగా దొరికేది పింగ్ కంపెనీ ఐ2 (Eye2). 1982లో వచ్చిన ఆ మోడల్‌ని ఇప్పటికీ ఇష్టంగా ఆడేవాళ్లున్నారు. ఐ2లో రాగి రంగులో ఉండే రకం కనిపిస్తే అది బెరీలియం కాపర్. దాంతో ఆడటం వల్ల ఏ ప్రమాదమూ లేదు. సాన పట్టడం, గ్రైండింగ్ చేయడం మాత్రం చేయకండి, చేయించకండి. ఆ పొడి పీల్చితే ఊపిరితిత్తులకి హాని.

ఆర్, ఎస్ అని షాఫ్ట్ మీద రాసి ఉంటుంది. ఏది తీసుకోవాలి?

నన్నడిగితే ఈ పేజీలో నిదానంగా చదవాల్సిన జవాబు ఇదే. ఎందుకంటే పాత సెట్లలో తప్పు ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది.

ఆ అక్షరం షాఫ్ట్ ఎంత వంగుతుందో చెబుతుంది. ఎల్ బాగా వంగేది, తర్వాత ఏ (A), ఆ తర్వాత ఆర్, ఎస్, చివరికి ఎక్స్. ఉజ్జాయింపుగా, మీ 7 ఐరన్ గాల్లో 130 నుంచి 155 గజాలు వెళ్తుంటే ఆర్, 155 దాటుతుంటే ఎస్, 130 కంటే తక్కువైతే ఏ (A) లేదా తేలికపాటి ఆర్ చూడాలి. ఒక కంపెనీ ఆర్‌కీ ఇంకో కంపెనీ ఆర్‌కీ తేడా ఉంటుంది కాబట్టి అక్షరాన్ని ఒక సూచనగా మాత్రమే చూడండి.

అక్షరం కంటే ముఖ్యమైనది బరువు. దీన్ని ఎవరూ అడగరు. ట్రూ టెంపర్ కంపెనీ డైనమిక్ గోల్డ్ ఎస్300 షాఫ్ట్ దాదాపు 130 గ్రాములుంటుంది. నిప్పాన్ కంపెనీ ఎన్.ఎస్. ప్రో 950 కూడా స్టీలే, కానీ 100 గ్రాముల లోపే. గ్రాఫైట్ అయితే 50 నుంచి 80 గ్రాముల మధ్య చాలా రకాలున్నాయి. చేతిలో పట్టుకుని ఒకసారి ఊపితే ఈ తేడా పెద్దగా తెలియదు. పదమూడో హోల్ దగ్గర, టెక్సస్ జులై ఎండలో బాగా తెలుస్తుంది. భుజాలు దిగజారి, స్వింగ్ నెమ్మదించి, బంతి కుడివైపుకి పోవడం మొదలవుతుంది.

సెకండ్ హ్యాండ్ మార్కెట్‌లోకి వచ్చే ఖరీదైన సెట్లలో చాలా వాటికి బరువైన ఎస్ షాఫ్ట్‌లే ఉంటాయి. బాగా ఆడేవాళ్లు వాడి అమ్మినవి కావడం ఒక కారణం. తమ బలాన్ని ఎక్కువ అంచనా వేసుకుని కొని, కుదరక అమ్మేసినవి కావడం ఇంకో కారణం. రోజంతా కుర్చీలో కూర్చుని పని చేసే నలభై ఏళ్ల మనిషికి తేలికపాటి స్టీలు ఆర్ షాఫ్ట్ చాలావరకు సరిపోతుంది. మోచేయి నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు మొహమాటం లేకుండా గ్రాఫైట్ తీసుకోండి. గ్రాఫైట్ అంటే ముసలివాళ్లకి, ఆడవాళ్లకి అన్న మాట పాతబడిపోయింది.

షాఫ్ట్‌లు తర్వాత మార్పించుకోవచ్చు కదా?

మార్పించుకోవచ్చు. కానీ ఏడు క్లబ్బులకి షాఫ్ట్, గ్రిప్, పనితనం కలిపితే పాత సెట్‌కి పెట్టిన డబ్బంత అవుతుంది, ఒక్కోసారి దాటుతుంది కూడా. షాఫ్ట్ మార్చుకుంటాననే ఆలోచనతో సెట్ కొనకండి. సరైన షాఫ్ట్ ఉన్న ఇంకో సెట్ కోసం రెండు వారాలు ఆగండి, దొరుకుతుంది.

హెడ్ ఏ రకం ఉండాలి?

వెనక భాగం గుల్లగా, కింద అంచు వెడల్పుగా ఉన్న కేవిటీ బ్యాక్ రకం. కంపెనీలు వీటిని గేమ్ ఇంప్రూవ్‌మెంట్ అంటాయి. బంతి ఫేస్ మధ్యలో తగలకపోయినా ఇవి కొంత కాపాడతాయి. వెనక గుల్ల లేని పల్చని బ్లేడ్లు చూడటానికి చాలా అందంగా ఉంటాయి, పైగా పాతవి చవకగా దొరుకుతాయి. మొదటి సెట్‌గా మాత్రం వద్దు.

సెట్ చూడటానికి వెళ్లాను. ఏమేం పరీక్షించాలి?

పగటి వెలుతురులో కలవమనండి. ఏదైనా షాపు పార్కింగ్ లాట్ అయితే ఇద్దరికీ క్షేమం. చిన్న తడి గుడ్డ, కొలత టేపు తీసుకెళ్లండి.

ముందు క్లబ్బులన్నిటినీ వరుసగా గోడకి ఆనించి నిలబెట్టండి. సెట్‌లో ఒక్కో క్లబ్బుకీ పక్కదానికీ పొడవులో అర అంగుళం తేడా ఉంటుంది. గ్రిప్పుల పైకొసలు వరుసగా ఒకే ఏటవాలుగా దిగుతూ రావాలి. మధ్యలో ఒకటి పొడుచుకొచ్చినా, కుంగినా ఆ క్లబ్బు షాఫ్ట్ విరిగి మార్చారనో, కోశారనో అర్థం. 7 ఐరన్ ఒక్కటి టేపుతో కొలవండి. స్టీలు షాఫ్ట్ అయితే 37 అంగుళాల దగ్గర ఉండాలి.

తర్వాత షాఫ్ట్‌లు. స్టీలు షాఫ్ట్ మీద మెట్లుమెట్లుగా కణుపులుంటాయి. అన్ని క్లబ్బుల్లో ఆ కణుపుల తీరు, లేబుల్ ఒకేలా ఉన్నాయా చూడండి. షాఫ్ట్‌ని కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూస్తే వంకర తెలిసిపోతుంది. తుప్పు మచ్చని తడి గుడ్డతో తుడవండి. పోతే పైపైదే. గోరు పెడితే గుంట తగులుతుంటే లోపలికి తినేసింది, ఆ షాఫ్ట్ ఎప్పుడో విరుగుతుంది. గ్రాఫైట్ అయితే హెడ్‌లోకి దిగే చోట చుట్టూ చూడండి. బ్యాగులో రాసుకుని పెయింటు పోవడం మామూలే. దారాల్లాంటి పోగులు పైకి లేచి ఉంటే మాత్రం వదిలేయండి.

షాఫ్ట్, హెడ్ కలిసే చోట ఒక నల్లటి ప్లాస్టిక్ ఉంగరం ఉంటుంది. దాన్ని ఫెర్రూల్ అంటారు. అది పైకి జరిగి కింద సందు కనిపిస్తోందంటే లోపల జిగురు వదులవుతోందేమో అనుమానించాలి. గ్రిప్పు ఒక చేత్తో, హెడ్ ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా మెలిపెట్టి చూడండి. అస్సలు కదలకూడదు. హెడ్‌ని చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగలమంటే జిగురు ముక్క ఊడి లోపల తిరుగుతోంది. అది పెద్ద లోపం కాదు, కానీ ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

చివరగా ఫేస్. ఇక్కడ 9 ఐరన్, పిచింగ్ వెడ్జ్ ముందు చూడండి, 4 ఐరన్ చూసి మోసపోకండి. అమ్మేవాళ్లు ఫోటోలో కొత్తగా మెరిసిపోయే 4 ఐరన్‌నే పెడతారు. దాన్ని ఎవరూ పెద్దగా వాడరు కాబట్టి అది ఎప్పుడూ కొత్తగానే ఉంటుంది. 9 ఐరన్‌ని ఎండకి ఏటవాలుగా పట్టుకోండి. ఫేస్ మధ్యలో, రూపాయి బిళ్లంత మేర, మిగతా భాగం కంటే నున్నగా మెరుస్తుంటే అక్కడే బంతి వేలసార్లు తగిలింది. గోరు నిలువుగా పెట్టి కింది నుంచి పైకి లాగండి. ప్రతి గాడి దగ్గరా గోరు టక్ టక్‌మని ఆగాలి. అంచుల్లో ఆగి, మధ్యలో జారిపోతుంటే గాడులు అరిగిపోయాయి. ఆ అరుగుదల మడమ వైపు (ఫేస్‌లో షాఫ్ట్‌కి దగ్గరగా ఉండే భాగం) ఉంటే పాత ఓనరు బంతిని ఎప్పుడూ అక్కడే కొట్టేవాడన్నమాట. దానికీ మీకూ సంబంధం లేదు.

కింది అంచు మీద గీతలు, చిన్న చిన్న సొట్టలు, బ్యాగులో క్లబ్బులు ఒకదానికొకటి తగిలి పడ్డ గుర్తులు, నంబర్లలో రంగు పోవడం, వీటిని పట్టించుకోవద్దు. వాటివల్ల బంతికి ఏమీ కాదు. వాటిని చూపించి బేరం మాత్రం ఆడండి.

గాడులు కొంచెం అరిగితే కొనకూడదా?

రేంజ్‌లో ప్రాక్టీసుకి ఏ తేడా రాదు. పొడిగా ఉన్న ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి) మీద కూడా పెద్ద తేడా ఉండదు. పొడుగు గడ్డిలోంచి, తడి గడ్డిలోంచి కొట్టినప్పుడు తేడా వస్తుంది. బంతికీ ఫేస్‌కీ మధ్య చేరిన నీటిని, పసరుని పక్కకి తప్పించేది ఆ గాడులే. అవి అరిగితే బంతి తక్కువ స్పిన్‌తో జారిపోయి గ్రీన్ (గుంట ఉండే నున్నటి గడ్డి) దాటేస్తుంది. కొంచెం అరిగితే కొనొచ్చు, ధర తగ్గించుకుని. వెడ్జ్ ఒక్కటే బాగా అరిగి మిగతావి బాగుంటే అదొక్కటి విడిగా మార్చుకోవచ్చు.

గాడులు తిరిగి చెక్కే చిన్న పనిముట్లు అమ్ముతారు. వాటితో గాడి వెడల్పు పెరిగి క్లబ్బు రూల్స్‌కి విరుద్ధం అయ్యే ప్రమాదం ఉంది. నేనైతే వాడొద్దంటాను.

2010కి ముందు తయారైన ఐరన్లు ఆడకూడదని విన్నాను. నిజమేనా?

మీకు, నాకు వర్తించదు. 2010లో గాడుల నియమం మారింది. 25 డిగ్రీలు, అంతకుమించి లాఫ్ట్ ఉన్న క్లబ్బుల్లో గాడులు ఎంత పెద్దగా, అంచులు ఎంత పదునుగా ఉండొచ్చో కొత్త హద్దులు పెట్టారు. పెద్ద స్థాయి పోటీల్లో ఆ నియమాన్ని విడిగా లోకల్ రూల్‌గా అమలు చేస్తారు. వారాంతం ఆటలకి, ఆఫీసు టోర్నమెంట్లకి పాత క్లబ్బులతో ఇబ్బంది లేదు.

ఆ ఏడాదే ఒక పెద్ద గొడవ కూడా జరిగింది. పింగ్ ఐ2 గాడుల మీద అంతకుముందు నడిచిన కేసు రాజీలో, 1990 ఏప్రిల్ 1కి ముందు తయారైన ఐ2 క్లబ్బులకి మినహాయింపు ఇచ్చారు. దాన్ని పట్టుకుని పేరున్న ప్రొఫెషనల్ ఆటగాడు ఫిల్ మికెల్సన్ 2010లో కాలిఫోర్నియా టోరీ పైన్స్‌లో జరిగిన టోర్నమెంట్‌లో పాత ఐ2 వెడ్జ్ తీసుకొచ్చాడు. నియమం ప్రకారం తప్పు కాదు, కానీ తోటి ఆటగాళ్లలో దుమారం రేగింది. చివరికి పింగ్ కంపెనీయే తన హక్కు వదులుకుని, ఆ క్లబ్బుల్ని ప్రొఫెషనల్ టూర్‌లో ఆపేయడానికి ఒప్పుకుంది. గరాజ్ సేల్‌లో దుమ్ము పట్టి ఉండే సెట్‌కి ఇంత చరిత్ర ఉంది.

కొత్త సెట్ 7 ఐరన్‌తో స్నేహితుడు నాకంటే 15 గజాలు ఎక్కువ కొడుతున్నాడు. పాతది కొని తప్పు చేశానా?

ఇద్దరి 7 ఐరన్ల లాఫ్ట్ ఎంతో చూడండి. టైటిలిస్ట్ టీ100లో 7 ఐరన్ 34 డిగ్రీలు. టేలర్‌మేడ్ స్టెల్త్‌లో 7 ఐరన్ 28 డిగ్రీలు. కింద రాసిన అంకె ఒకటే, కోణంలో ఆరు డిగ్రీల తేడా. అంటే ఒక క్లబ్బు కంటే ఎక్కువ తేడా. మీ 6 ఐరన్‌తో అతని 7 ఐరన్‌ని పోల్చుకుంటే లెక్క దగ్గరికొస్తుంది. దీని గురించి మనసు పాడు చేసుకోవద్దు.

కానీ కొనేటప్పుడు ఈ లాఫ్ట్‌ల సంగతి తప్పకుండా పట్టించుకోవాలి. స్టెల్త్ లాంటి సెట్‌లో పిచింగ్ వెడ్జ్ 43 డిగ్రీలుంటుంది. మీ దగ్గరున్న శాండ్ వెడ్జ్ 56 డిగ్రీలు అనుకోండి. మధ్యలో 13 డిగ్రీల ఖాళీ. 80 నుంచి 110 గజాల దూరంలో మీ చేతిలో సరైన క్లబ్బే ఉండదు, ప్రతిసారీ సగం స్వింగ్‌తో అంచనా వేసుకుంటూ కొట్టాలి. రెండు క్లబ్బుల మధ్య నాలుగు నుంచి ఆరు డిగ్రీలు ఉంటే బాగుంటుంది. అందుకే ఇలాంటి సెట్లలో 49 డిగ్రీల ప్రాంతంలో ఇంకో వెడ్జ్ వస్తుంది, ఏ (A) అనో, జీ (G) అనో రాసి ఉంటుంది, దీన్నే గ్యాప్ వెడ్జ్ అంటారు. పాత సెట్ అమ్మేవాళ్లు దాన్ని ఇస్తున్నారా లేదా అడగండి. 4 ఐరన్ లేకపోయినా ఫర్వాలేదు, ఈ వెడ్జ్ ఉండాలి. 4 ఐరన్ బదులు హైబ్రిడ్ (బంతి సులువుగా లేచే, వెనక మందంగా ఉండే క్లబ్బు) వాడుకోవచ్చు. మొత్తం బ్యాగులో 14 క్లబ్బులకి మించకూడదన్న నియమం కూడా గుర్తుంచుకోండి.

పింగ్ క్లబ్బుల మీద రంగు చుక్క ఎందుకు ఉంటుంది?

అది లై యాంగిల్ గుర్తు, అంటే క్లబ్బు నేల మీద ఆనినప్పుడు షాఫ్ట్ నిలబడే కోణం. నలుపు అంటే స్టాండర్డ్. ఎరుపు వైపు వెళ్తే షాఫ్ట్ ఇంకా పడుకున్నట్టుంటుంది, నీలం, ఆకుపచ్చ, తెలుపు వైపు వెళ్తే నిటారుగా ఉంటుంది. పొడుగ్గా ఉండి చేతులు పొట్టిగా ఉన్నవాళ్లకి నిటారుగా ఉన్నవి, పొట్టిగా ఉండి చేతులు పొడుగైనవాళ్లకి పడుకున్నవి సాధారణంగా కుదురుతాయి.

మిగతా కంపెనీలు ఇలా చుక్క పెట్టవు కాబట్టి మీరే చూసుకోవాలి. బంతి మీద మార్కర్‌తో నిలువు గీత గీసి, ఆ గీత ఫేస్ వైపు ఉండేలా పెట్టి కొట్టండి. గీత ఫేస్ మీద నిలువుగా అచ్చు పడితే లై సరిపోయింది. పక్కకి వాలితే సరిచేయించాలి. కుడిచేతి ఆటగాడికి లై మరీ నిటారుగా ఉంటే బంతి ఎడమకి, మరీ పడుకుని ఉంటే కుడికి వెళ్తుంది. స్వింగ్ లోపం అనుకుని నెలల తరబడి కోచ్‌కి డబ్బులు కట్టేవాళ్లలో కొందరి అసలు సమస్య ఇదే.

క్లబ్ రిపేర్ చేసేవాళ్లు ఈ కోణాన్ని వంచి సరిచేస్తారు. ఫోర్జ్‌డ్ (కొట్టి మలిచిన) హెడ్లు మెత్తని కార్బన్ స్టీలు కాబట్టి సులువుగా వంగుతాయి. పోత పోసిన స్టెయిన్‌లెస్ స్టీలు హెడ్లని రెండు డిగ్రీలకి మించి వంచడం మంచిది కాదు. అందుకే తెలుపు చుక్క సెట్ చవకగా వచ్చిందని కొని నలుపుకి మార్పిస్తానంటే ముందు రిపేరర్‌ని అడగండి.

నకిలీవి కూడా ఉంటాయా?

ఉంటాయి. ఎంతగా అంటే పెద్ద కంపెనీలన్నీ కలిసి నకిలీల మీద పోరాడటానికి 2004లో ఒక సంఘమే పెట్టుకున్నాయి. కొత్త మోడల్, సీల్ తీయని ప్లాస్టిక్ కవర్లతో, షాపు ధరలో మూడో వంతుకి ఇస్తామంటే అనుమానించండి. ఐదారేళ్ల పాతబడి, బాగా వాడిన గుర్తులున్న సెట్ నకిలీ అయ్యే అవకాశం తక్కువ, కానీ లేకపోలేదు.

హోజెల్ (హెడ్‌లో షాఫ్ట్ దిగే గొట్టం) మీద సీరియల్ నంబర్ చూడండి. పింగ్ సెట్‌లో అన్ని ఐరన్ల మీదా అదే నంబర్ ఉండాలి. ఆ నంబర్‌తో కంపెనీని అడిగితే ఆ సెట్ మొదట ఏ షాఫ్ట్, ఏ లైతో తయారైందో కూడా చెబుతారు. అక్షరాల చెక్కుడు లోతు ఒక్కోచోట ఒక్కోలా ఉండటం, రంగు గాడి దాటి బయటికి రావడం నకిలీ లక్షణాలు. అనుమానం తీరకపోతే దగ్గర్లోని గోల్ఫ్ షాపుకి తీసుకెళ్లి అసలు దాని పక్కన పెట్టి చూడండి. దానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే అక్కడితో ఆ బేరం వదిలేయండి.

ఎక్కడ కొనాలి?

మొదటిసారి కొనేవాళ్లు సెకండ్ స్వింగ్, గ్లోబల్ గోల్ఫ్, కాలవే ప్రీ ఓన్డ్ లాంటి చోట్ల కొంటే నిశ్చింత. క్లబ్బు స్థితికి గ్రేడ్ ఇస్తారు, షాఫ్ట్ వివరాలు రాస్తారు, తిరిగి ఇచ్చే వీలుంటుంది. గడువు ఎంతో చదువుకోండి. ప్లే ఇట్ అగైన్ స్పోర్ట్స్ లాంటి పాత సామాన్ల షాపుల్లో చేతితో పట్టుకుని చూడొచ్చు. ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లో ధర అన్నిటికంటే తక్కువ, పూచీ సున్నా. షాపులో కొంటే ఫ్రిస్కోలో 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ అదనం అన్న సంగతి లెక్కలో వేసుకోండి.

ఎంత పెట్టొచ్చు?

సెట్ ధర చూడకండి, ఆడటానికి సిద్ధమయ్యేసరికి ఎంతవుతుందో చూడండి. ఒక లెక్క చెబుతాను. 4 నుంచి పిచింగ్ వెడ్జ్ దాకా ఏడు క్లబ్బులు 350 డాలర్లకి దొరికాయనుకోండి. గ్రిప్పులు గాజులా గట్టిపడి ఉన్నాయి. పనితనంతో కలిపి క్లబ్బుకి 12 చొప్పున 84. లాఫ్ట్, లై చూపించడానికి క్లబ్బుకి 5 చొప్పున 35. లేని గ్యాప్ వెడ్జ్ విడిగా 60. మొత్తం 529 అయింది. ఇంకోచోట 5 నుంచి గ్యాప్ వెడ్జ్ దాకా ఏడు క్లబ్బులు, కొత్త గ్రిప్పులతో, 450 చెబుతున్నారు. లై చూపించడానికి 35 కలిపినా 485. మొదట్లో వంద డాలర్లు ఎక్కువ అనిపించిన సెట్టే చివరికి చవకైంది.

ఐదారేళ్ల పాత మంచి గేమ్ ఇంప్రూవ్‌మెంట్ సెట్‌కి అన్నీ కలిపి 300 నుంచి 550 మధ్య పెట్టడం సబబని నా అభిప్రాయం. 700 దాటుతుంటే ఆగండి. ఆ ధరకి, మోడల్ మారే సీజన్‌లో, కిందటి ఏడాది కొత్త సెట్టే దొరకొచ్చు.

మా బావగారు తన పాత సెట్ ఊరికే ఇస్తానంటున్నారు. తీసుకోనా?

తీసుకోండి, కానీ పైన చెప్పిన పరీక్షలు దానికీ చేయండి. బావగారు ఆరడుగుల మనిషై, మీరు ఐదడుగుల ఐదు అంగుళాలైతే ఆ క్లబ్బుల పొడవు, లై మీకు కుదరకపోవచ్చు. ఊరికే వచ్చింది కదా అని ఏడాదంతా కుదరని క్లబ్బులతో కుస్తీ పట్టి, ఈ ఆట నా వల్ల కాదని మానేసినవాళ్లున్నారు. అది నిజంగా బాధ కలిగించే విషయం, ఎందుకంటే తప్పు మనిషిది కాదు. లై సరిచేయించి, గ్రిప్పులు మార్పిస్తే సరిపోతుందని రిపేరర్ చెబితే ఆ ఖర్చు పెట్టుకోండి. షాఫ్టే సరిపోదంటే బావగారికి ఉన్న మాట చెప్పి, గౌరవంగా తిరిగి ఇచ్చేయండి.

మా ఆవిడకి, పిల్లలకి నా పాత సెట్ సరిపోతుందా?

పిల్లలకి అస్సలు ఇవ్వొద్దు. పెద్దవాళ్ల క్లబ్బుని కోసి పొట్టి చేస్తే పొడవు తగ్గుతుంది కానీ హెడ్ బరువు తగ్గదు, షాఫ్ట్ ఇంకా బిరుసెక్కుతుంది. ఆ బరువుని లేపడానికి పిల్లలు ఒళ్లంతా వంచి స్వింగ్ పాడుచేసుకుంటారు. పిల్లల ఎత్తుని బట్టి సైజులు చేసే యూఎస్ కిడ్స్ లాంటి కంపెనీల పాత సెట్లు బాగా దొరుకుతాయి. ఎందుకంటే పిల్లలు రెండేళ్లకో సైజు దాటేస్తారు.

ఆవిడ విషయంలో ఆవిడే ఊపి చూసి చెప్పాలి. ఎక్కువమందికి తేలికపాటి గ్రాఫైట్, ఎల్ లేదా ఏ (A) షాఫ్ట్ సుఖంగా ఉంటుంది. పొడుగ్గా, బలంగా ఉండి ఇదివరకు బ్యాడ్మింటనో టెన్నిసో ఆడినవాళ్లకి మగవాళ్ల ఆర్ గ్రాఫైట్ కూడా బాగా కుదురుతుంది.

నాది ఎడమచేతి వాటం.

సెట్లు తక్కువ, కాబట్టి ఎక్కువ రోజులు వెతకాలి. కొనేవాళ్లూ తక్కువే కనుక దొరికినప్పుడు ధర గట్టిగా అడగండి. క్రికెట్‌లో ఎడమచేత్తో బ్యాటింగ్ చేసి మిగతా అన్నీ కుడిచేత్తో చేసేవాళ్లు కొనేముందు కోచ్ దగ్గర రెండు వైపులా ప్రయత్నించండి.

ఇక్కడ కొని హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా?

తీసుకెళ్లొచ్చు. గోల్కొండ కోట పక్కన నయా ఖిల్లా దగ్గరున్న కోర్సులోనో, గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లోనో ఆడే అన్నయ్యకో, విశాఖ ఈస్ట్ పాయింట్‌లో ఆడే నాన్నగారికో సెట్ తీసుకెళ్లాలనుకునేవాళ్లు చాలామంది అడుగుతారు. వాళ్ల ఎత్తు ఒక్కటే కాదు, మామూలుగా నిలబడినప్పుడు మణికట్టు నుంచి నేల దాకా ఎంతుందో కూడా ఫోన్‌లో కొలిపించి కనుక్కోండి. ఇప్పుడు వాడుతున్న షాఫ్ట్ లేబుల్ ఫోటో పంపమనండి. అరవై దాటిన నాన్నగారికి మీ పాత ఎస్ షాఫ్ట్ సెట్ తీసుకెళ్తే ఆయన మొహమాటానికి బాగుందంటారు, ఆడటం మాత్రం కష్టపడి ఆడతారు.

గోల్ఫ్ బ్యాగుని చాలా ఎయిర్‌లైన్స్ ఒక చెక్‌డ్ బ్యాగుగా లెక్కిస్తాయి. 23 కిలోల హద్దులో ఏడు ఐరన్లు, బ్యాగు, పైన నాలుగు బట్టలు సులువుగా పడతాయి. ప్రయాణానికి ముందు మీ ఎయిర్‌లైన్ నియమం, కస్టమ్స్ మినహాయింపు ఎంతో చూసుకోండి. కొన్న రసీదు దగ్గర ఉంచుకోండి. హెడ్లని తువ్వాలుతో చుట్టి, వాటి కంటే పొడుగున్న ఒక కర్ర బ్యాగు మధ్యలో పెడితే బ్యాగు తలకిందులుగా పడినా దెబ్బ ఆ కర్రకే తగులుతుంది.

సెట్ కొన్నాను. కారు ట్రంక్‌లోనే ఉంచేయొచ్చా?

టెక్సస్ ఎండాకాలంలో వద్దు. హెడ్‌ని షాఫ్ట్‌కి అతికించే ఎపాక్సీ రోజూ అంత వేడికి మెత్తబడి పట్టు తప్పుతుంది, గ్రిప్పు రబ్బరు ఎండిపోతుంది. ఇంట్లో పెట్టుకోండి. ఆడొచ్చాక ఫేస్ గాడుల్లో మట్టిని పాత టూత్ బ్రష్‌తో సబ్బు నీళ్లలో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గ్రిప్పులనీ అదే నీళ్లతో నెలకోసారి కడిగితే జిడ్డు పోయి పట్టు మళ్లీ వస్తుంది.